గడియ ఎటువైపు ఉంటుంది?

కూర్చో అమ్మాయ్. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు పొట్టి, ఇందులో కూర్చో. ఆ కాగితాలు తీసి కింద పడేయ్, పర్లేదు, పాత బొమ్మలే. ఊఁ, ఇప్పుడు మళ్ళీ చదువు, ఇందాక ఆ ప్రత్యేక సంచికలోంచి ఏదో చదివావే మీ అమ్మమ్మ గురించి. "రచననీ సంసారాన్నీ రెండు కళ్ళలా చూసుకుంటూ, తూకం తప్పకుండా నడిపిన ఆదర్శ గృహిణి." ఆహాహా! ఎవడమ్మా అది రాసింది? తూకం ఏమిటి తూకం, ఆవిడేమన్నా కూరగాయల కొట్టు పెట్టిందా? చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు పెద్దలు. బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి కూర్చుని రాసుకోడానికి జానెడు చోటిచ్చినవాడు లేడు, ఇప్పుడు హాలు అద్దెకి తీసుకుని, మైకులు పెట్టి, ఒకడి తర్వాత ఒకడు లేచి తూకం, సమతూకం అంటూ... అరవొద్దంటావా? అరుస్తాను. చెయ్యి వణుకుతోంది, కన్ను మసకేసింది, ఇంకా రోగం రానిది గొంతు ఒక్కటే, దాన్ని కూడా మూసుకోమంటే ఎలా?

ఏం చెప్తున్నాను? ఆఁ, నువ్వు మీ అమ్మమ్మని చూడలేదు కదూ. ఎలా చూస్తావు, ఆవిడ పోయేనాటికి మీ అమ్మే పదేళ్ళ పిల్ల. నన్ను మీ ఇంట్లో ఏమంటారు? బొమ్మల తాతయ్యా? అప్పుడు బొమ్మలాయన అనేవాళ్ళు. "బొమ్మలాయన వచ్చాడు, చెప్పులు బయట విడవమనండి", అది మీ తాతయ్య వాళ్ళమ్మ గొంతు, పెద్దావిడ. నేను ఎప్పుడూ బయటే విడిచేవాణ్ణి, అయినా సరే ఆ మాట అనకుండా ఉండేది కాదు. నేను ఎందుకు వెళ్ళేవాణ్ణో చెప్పాలి నీకు, లేకపోతే ఇదంతా అర్థం కాదు. అప్పుడు కంప్యూటర్లు గింప్యూటర్లు లేవు. వారపత్రికలో బొమ్మ పడాలంటే దానికి జింకు రేకు మీద బ్లాకు చేయించాలి. ఆ పని చేసేవాళ్ళు మా ఊళ్ళో లేరు, పట్నానికి పంపాలి, అది తిరిగి రావాలి, దానికో వారం. కథకైతే ఆ బాధ లేదు, ఆఖరి రోజున ఇచ్చినా అక్షరాలు పేర్చేస్తారు. అందుకని మాకు అంతా తిరకాసు. కథ చదివి బొమ్మ వేస్తారనుకుంటారు జనం. మా దగ్గర బొమ్మ ముందు, కథ వెనక. ఇంకా పుట్టని పిల్లకి చొక్కా కుట్టినట్టు.

అందుకని ప్రతి మంగళవారం వెళ్ళేవాణ్ణి. ఆవిడ వంటింట్లో పని చేసుకుంటూ వచ్చే వారం ఏం జరుగుతుందో నోటితో చెప్పేది, నేను గుమ్మంలో పీట వేసుకుని పెన్సిల్‌తో గీసుకునేవాణ్ణి. చెప్పేది కూడా ఎంత? బొమ్మకి ఎంత కావాలో అంతే. ఒక్క మాట ఎక్కువ చెప్పదు. "ఆ తర్వాత ఏమవుతుందమ్మా?" అంటే, "బొమ్మ గీయండి అన్నయ్యగారూ, మీ బొమ్మ చూస్తే నాకే తెలుస్తుంది" అనేది. నిజంగానే అంతే. నేను అయిదు గుర్రాలు గీస్తే కథలోనూ అయిదు గుర్రాలే. ఒకసారి ఒక గుర్రానికి కాలు సరిగ్గా కుదర్లేదు, చెరిపేయబోతే చెయ్యి పట్టుకుని ఆపినంత పని చేసింది. "ఉంచండి, అది ఎందుకు కుంటుతోందో నేను చెప్తాగా" అంది. ఆ కుంటి గుర్రం మీద నెల రోజులు నడిపింది కథ! అది చావకూడదని జనం పత్రికాఫీసుకి వచ్చి ఎడిటర్ని బతిమాలుకున్నారు. పక్కన కుక్కరు కూత పెడుతూ ఉండేది. "ఇంకొక్క కూత వచ్చేలోపు ఈ యుద్ధం ముగించేయాలి అన్నయ్యగారూ, తర్వాత చిన్నాడికి తలంటాలి" అనేది. అదీ మీ వాళ్ళు చెప్పే తూకం. రాక్షసుడి తల నరకడానికీ పిల్లాడి తల రుద్దడానికీ మధ్య ఒక కుక్కరు కూత.

ఇంకోటి రాశారు చూడు అందులో, ఏదీ, "కుట్టుమిషను మీద బట్టలు కుడుతూనే కథలు అల్లేవారు". పేజీ తిప్పు, ఉంటుంది. చూశావా? కుడుతూనే అంట! నీకు అసలు సంగతి చెప్తాను. ఇంట్లో బల్ల ఒక్కటే. అది మీ తాతయ్యది. లెక్కల మాస్టారు కదా, పరీక్ష పేపర్లు దిద్దుకోవాలి, బల్ల మీద ఎర్రసిరా బుడ్డి జరిపినా ఊరుకునేవాడు కాదు. మీ అమ్మమ్మకి మిగిలింది కుట్టుమిషను. సరే, దాని మీద పెట్టుకుని రాసుకుందామంటే పక్కగదిలో పెద్దావిడ చెవులు రిక్కించుకుని ఉండేది. మిషను చప్పుడు ఆగిందంటే చాలు, "ఏమ్మా, కుట్టడం అయిపోయిందా? ఐతే ఆ పప్పు ఏరు." అందుకని ఏం చేసిందో తెలుసా? మిషనుకి బెల్టు తీసేసింది. కాళ్ళు ఊరికే తొక్కుతూ ఉంటాయి, టకటకా చప్పుడు వస్తూ ఉంటుంది, సూది మాత్రం కదలదు, పైన చెయ్యి రాస్తూ ఉంటుంది. మీ అమ్మా మీ మావయ్యా ఆ మిషను కిందే ఆడుకునేవాళ్ళు, ఆ చక్రం ఆగితే వాళ్ళమ్మ కథలో చిక్కుకుందని వాళ్ళకి తెలిసేది. పెద్దావిడ మెచ్చుకునేది కూడా, "మా కోడలు రోజంతా కుడుతూనే ఉంటుంది, పని రాక్షసి" అని. ఒక్క జాకెట్టు ఎందుకు బయటికి రాదో ఆవిడకి ఎప్పుడూ అనుమానం రాలేదు. నవ్వు, నవ్వు, నేనూ నవ్వాను అప్పుడు. ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్ళు మండుతుంది. రాయడానికి చేతులు చాలక కాదమ్మా, దాచడానికి కాళ్ళు కూడా పెట్టాల్సొచ్చింది ఆ మనిషికి.

మీ తాతయ్య చెడ్డవాడని నేననను. అనొచ్చు, కానీ అనను. కొట్టాడా, లేదు. తిట్టాడా, గొంతు పెంచి ఎరగడు. నీ రాతలు మానెయ్ అన్నాడా అంటే, ఎప్పుడూ సూటిగా అనలేదు. ఇంట్లో ఏం జరిగినా ఒకటే మాట, నెమ్మదిగా, సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద రాసినట్టు. తలనొప్పి అంటే "రాతలు తగ్గించు మరి." జలుబు చేస్తే "రాత్రుళ్ళు కళ్ళు పొడుచుకుంటే చెయ్యదా?" పాలు పొంగితే రాతలు, పిల్లాడికి మార్కులు తగ్గితే రాతలు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, మానమనడు, రాయనివ్వడు. దానివల్ల ఏమైంది? కడుపులో నొప్పి మొదలైతే ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్తుంది? చెప్తే ఏమంటాడో తెలుసు. "వెయ్యి వాకిళ్ళ కోట" చివరికొస్తోంది అప్పుడు, ఇంకొన్ని వారాలు లాగితే అయిపోతుంది, అయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్దామనుకుంది. మిషను దగ్గర ఒంగి కూర్చుని కడుపుకి దిండు అదుముకుని రాసేదంట. నాకూ చెప్పలేదు, అదంతా తర్వాత మీ అమ్మ చెప్పింది, దిండు సంగతి. పదేళ్ళ పిల్ల చూసింది, లెక్కల మాస్టారు చూడలేదు. అదీ ఆ ఇంటి లెక్క!

ఆ నవల నువ్వు చదివావు కదా. చదివే ఉంటావులే, పుస్తకం మళ్ళీ వేస్తానంటున్నావంటే. మబ్బుల మీద కోట, అందులో వెయ్యి వాకిళ్ళు, ప్రతి వాకిలికీ ఒక తాళం, ఆ తాళాలన్నీ నడుముకి కట్టుకుని తిరిగే పిల్ల. ఎవరికి ఏ దేశం కావాలంటే ఆ తలుపు తీసి పంపిస్తుంది. రాజు వస్తాడు, తీస్తుంది. దొంగ వస్తాడు, తీస్తుంది. తను మాత్రం ఎక్కడికీ వెళ్ళకూడదు, వెళ్తే తాళాలు ఎవరు చూస్తారు? చివరిదొక తలుపుంది, కోట సింహద్వారం. దానికి తాళమే లేదు, ఒట్టి గడియ. అది కూడా లోపలివైపే. బయటినుంచి దాన్ని దేవుడు కూడా తియ్యలేడని మొదటి వారంలోనే రాసింది మీ అమ్మమ్మ. మరి ఆఖరి అధ్యాయంలో ఏముంది? చెప్పు. ఆఁ. తాళాలపిల్ల లోకమంతా తిరిగి అలిసిపోయి కోటకి తిరిగొస్తుంది, గడియ తీసుకుని లోపలికి వస్తుంది, తాళాలు మళ్ళీ నడుముకి కట్టుకుంటుంది, "వెయ్యి వాకిళ్ళు చూసినా నా గడపే నాకు స్వర్గం" అంటుంది. ఆ ముక్క ఏ ఆడపిల్లల స్కూలుకి వెళ్ళినా గోడ మీద ఉంటుంది. మొన్న సభలో కూడా చదివారుగా, చప్పట్లే చప్పట్లు. మరి బయటినుంచి వచ్చిన పిల్ల లోపలి గడియ ఎలా తీసిందమ్మా? ఇన్నేళ్ళలో ఒక్కడు అడిగాడా? ఒక్కడు?

ఆ అధ్యాయం మీ అమ్మమ్మది కాదు.

ఏం, తెల్లబోవేం? నమ్మవా? సరే విను. ఆఖరి మంగళవారం నేను వెళ్ళాను. మనిషి పాలిపోయి ఉంది, పీట మీద కూర్చుని కూరలు తరుగుతోంది, ఎప్పుడూ నిలబడే తరిగేది. బొమ్మ చెప్పింది. వివరంగా, ఎన్నడూ చెప్పనంత వివరంగా చెప్పింది. నేను గీశాను, చూపించాను, చాలాసేపు చూసి "ఇంతే అన్నయ్యగారూ, ఇక బ్లాకుకి పంపించెయ్యండి" అంది. పంపించాను. మళ్ళీ వారం వెళ్తే ఇంటికి తాళం. పక్కింటావిడ చెప్పింది, ఆస్పత్రికి తీసుకెళ్ళారని. పరిగెత్తాను. నోట్లో గొట్టం. చేతికి సూదులు, ఆ చెయ్యి మంచానికి కట్టేసి ఉంది, కదిపితే సూది ఊడుతుందని. నన్ను చూసింది. చూసిందనే అనుకుంటాను. మూడోరోజు పోయింది. తర్వాతి వారం పత్రిక మార్కెట్లోకి వచ్చింది, తెరిచి చూద్దును కదా, నా బొమ్మ ఉంది, పక్కన పూర్తి అధ్యాయం ఉంది, కింద "రచయిత్రి ఆస్పత్రి మంచం మీదనుంచి భర్తకి చెప్పి రాయించిన తుది అధ్యాయం" అని నల్ల గీతల మధ్య వేశారు. నోట్లో గొట్టం ఉన్న మనిషి చెప్పి రాయించిందంట!

ఎడిటర్ దగ్గరికి వెళ్ళాను. ఆయనకి ఎప్పుడూ జలుబే, ముక్కు తుడుచుకుంటూ, "ఏమయ్యా, జనం ఆఫీసు ముందు నిలబడి ఏడుస్తున్నారు, ఇంత గొప్ప ముగింపు ఈ పత్రికలో రాలేదు, నువ్వు గడియలూ గొళ్ళేలూ పట్టుకుని వేలాడతావేం? బొమ్మ ఎవడు చూస్తాడు?" అన్నాడు. బొమ్మ ఎవడు చూస్తాడంట, బొమ్మలేసేవాడి మొహం మీద! ఆ రోజే ఆ గుమ్మం దిగేశాను, మళ్ళీ ఎక్కలేదు. అక్కణ్ణించి తిన్నగా స్కూలుకి వెళ్ళాను. కర్మలు అయ్యాయో లేదో, మనిషి స్టాఫ్‌రూములో కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నాడు. ఎర్రసిరా. నేను పత్రిక ఆయన ముందు పడేసి, "మాస్టారూ, ఇదేమిటి? ఆ పిల్ల బయటికి వెళ్తోంది, మీరు లోపలికి తీసుకొచ్చారు. బొమ్మ సరిగ్గా చూడలేదా?" అన్నాను. తల ఎత్తలేదు. "చూశానండీ. గడియ ఎటువైపుందో నాకు తెలుసు. అందుకే రాశాను" అన్నాడు.

అందుకే రాశాడంట. తెలీక కాదు, పొరపాటు కాదు. నేను అక్కడే ఉన్న సిరాబుడ్డి ఎత్తి గోడకేసి కొట్టేవాణ్ణే, కానీ ఆయన కలం పక్కన పెట్టి ఇంకో మాటన్నాడు. "మా అమ్మాయి రోజూ అడుగుతోంది, అమ్మ ఎక్కడికెళ్ళిందని. అది వాళ్ళమ్మ కథ వారం వారం చదువుతుంది. తాళాలు కింద పడేసి, తలుపు తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయిందని చదవమంటారా?" అన్నాడు. అదే అమ్మాయ్, అదే నా కోపం! పరువు పోతుందనో, మా ఇంటి కోడలు అలా రాయకూడదనో అని ఉంటే చొక్కా పట్టుకునేవాణ్ణి. తిట్టడానికి వీలైన కారణం చెప్పకుండా, కాదనలేని కారణం చెప్పి నా నోరు కట్టేశాడు. సరే, ఆ వారానికి సరే. పదేళ్ళ పిల్ల కోసం రాశావు, ఒప్పుకున్నాను. ఆ పిల్ల పెద్దదైంది, ఉద్యోగం చేసింది, నిన్ను కంది. అప్పుడైనా చెప్పొచ్చుగా, "ఇది మీ అమ్మ రాయలేదు, నేను రాశాను" అని? చెప్పలేదు. పుస్తకం వేసినప్పుడు చెప్పలేదు. సన్మానం చేసినప్పుడు చెప్పలేదు. స్టేజీ ఎక్కి ఆ గడపా స్వర్గమూ తనే చదివి కళ్ళు ఒత్తుకున్నాడు! తను రాసిన ముక్కకి తనే ఏడ్చిన మొగుణ్ణి ఇంకెక్కడన్నా చూపించు నాకు.

పైగా, కథలో ఆడది గడప దాటితే రాసిన ఆడది దాటినట్టేనా? మీ అమ్మమ్మకి పిల్లలంటే ప్రాణం. చిన్నాడు మిషను కింద నిద్రపోతే వాడు లేస్తాడని కాలు కదపకుండా, చప్పుడు ఆగిపోయి తిట్లు పడినా సరే, అలాగే కూర్చునేది. ఎక్కడికీ పోయేది కాదు తల్లీ ఆ మనిషి. కథలో ఆ తాళాలపిల్లని పంపిద్దామనుకుంది. రాజునీ దొంగనీ కుంటి గుర్రాన్నీ అన్ని దేశాలకీ పంపింది కదా, ఆ ఒక్క పిల్లని కూడా పంపుదామనుకుంది, అంతే. ఆ మాత్రం దానికీ అడ్డం పడ్డారు.

ఇప్పుడు నువ్వొచ్చావు, కొత్త పుస్తకం అట్ట మీదకి ఆ బొమ్మ కావాలని. ఇవ్వను. మీ మావయ్య వస్తే ఇవ్వలేదు, సభవాళ్ళు వస్తే కుక్కని వదుల్తానన్నాను, కుక్క లేదనుకో. ఆ అధ్యాయంతో పాటు నా బొమ్మ మళ్ళీ అచ్చవడానికి నేను బతికుండగా వీల్లేదు... ఏంటీ? తీసేస్తావా? ఆ అధ్యాయం మొత్తం? మీ అమ్మ ఒప్పుకుందా? ఆవిడే అందా? ... ఆవిడకి ఎప్పట్నుంచి తెలుసు? ... ఓహో. పిల్లప్పుడే. ఐతే ఆ అమ్మాయి కోసమని ఆయనా, ఆయన కోసమని ఆ అమ్మాయీ దాచుకుని... ఛీ, ఏం కొంపమ్మా మీది!

సరే లే. ఆ బీరువా మీద రెండు అట్టల మధ్య ఉంది, దించు. మెల్లిగా. దారం విప్పు, తెంపకు. ఆఁ, ఇలా వెలుతురులో పెట్టు. చూడు, ఇదిగో గడియ, మనవైపే ఉంది, పైకెత్తి ఉంది. మనం లోపలున్నాం. ఇవిగో తాళాలు, నేల మీద గుత్తి, మనవైపే పడున్నాయి. జుట్టు చూడు, మన మీదకి ఎగురుతోంది, గాలి బయటినుంచి వస్తోంది కదా. ఒక కాలు గడపకి అవతల. దీన్ని చూసి లోపలికి వస్తోందనుకున్నారమ్మా ఊరంతా, వీపు చూసి! అందుకే చెప్తున్నా, అట్ట మీద వద్దు, ఆఖరి పేజీలో వెయ్యి, కింద ఒక్క అక్షరం కూడా... ఏంటి? ఎక్కడ? తలుపు అవతలా?

చెరిగిపోలేదమ్మా. నేను గీయలేదు. నేను కొండలు గీద్దామన్నాను, సముద్రం గీద్దామన్నాను. వద్దంది. "అక్కడ తెల్లగా వదిలెయ్యండి అన్నయ్యగారూ. బయట ఏముందో అది మాత్రం నేను రాసుకుంటాను" అంది. ఏముందమ్మా అంటే నవ్వింది, మంగళవారం వస్తారుగా అంది.

... ఏమో తల్లీ. నాకు తెలీదు. మీ తాతకీ తెలీదు, ఎవ్వరికీ... ఊఁ.

ఆ ఫ్యాను కట్టెయ్, కాగితం ఎగురుతోంది.